కార్పెట్ మరకలు: సగం తప్పు బోరు నీళ్ళదే

నల్గొండ, పాలమూరు వైపు ఇళ్ళలో కార్పెట్ మీద చాయ్ ఒలికితే ఆ తర్వాత జరిగేది ఇంచుమించు ఒకటే. ఎవరో ఒకరు పరుగున వెళ్ళి బకెట్‌లో బోరు నీళ్ళు, గుప్పెడు సర్ఫ్ తెస్తారు. బట్టల బ్రష్‌తో గట్టిగా రుద్దుతారు. కాసేపటికి చాయ్ రంగు తగ్గినట్టే ఉంటుంది. మర్నాడు ఆరాక చూస్తే, ఒలికినంత మేర కంటే పెద్ద మచ్చ కనిపిస్తుంది. చుట్టూ తెల్లటి చార, మధ్యలో పోగులు రేగిన గరుకు. నెల తిరిగేసరికి సరిగ్గా అక్కడే దుమ్ము పట్టి నల్లబడుతుంది. చాయ్ మరక మొండిదని అందరూ సరిపెట్టుకుంటారు.

ఆ మచ్చలో చాయ్ వాటా చాలా తక్కువ. తెల్లటి చార నీళ్ళది, దుమ్మును పట్టుకునేది మిగిలిపోయిన సబ్బు, గరుకుదనం బ్రష్‌ది. అందుకే మరకల గురించి మాట్లాడేటప్పుడు ఏ మరకకు ఏ మందు అనే జాబితా కంటే ముందు మన నీళ్ళ సంగతి చూడాలి. ఎక్కడో మెత్తటి నీళ్ళు వచ్చే ఊరి వాళ్ళు చెప్పిన చిట్కా ఇక్కడ అచ్చంగా పాటిస్తే అదే ఫలితం రాదు.

దక్షిణ తెలంగాణ నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్ జాతి రాయి. వాన తక్కువ, బోర్లు లోతు. రాళ్ళ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. నల్గొండ నీళ్ళు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధనా సంస్థ) పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందిస్తే దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. మనుషుల ఎముకలు వంకర్లు పోయిన ఆ బాధ ముందు కార్పెట్ మరక ఒక లెక్కలోది కాదు. ఫ్లోరైడ్ వల్ల మరక పడదు కూడా. బట్టకు, కార్పెట్‌కు ఇబ్బంది తెచ్చేది నీళ్ళ గట్టిదనం. మన దేశ తాగునీటి ప్రమాణాల్లో ఈ గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఉంటే మంచిదని, వేరే దారి లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చని ఉంది. ల్యాబ్‌కు వెళ్ళకుండానే మన బోరు సంగతి తెలుసుకోవచ్చు. హీటర్ రాడ్ మీద తెల్లగా పెంకు కడుతోందా, బాత్‌రూమ్ నల్లా చుట్టూ సున్నం పేరుతోందా చూస్తే చాలు. ఇంకా స్పష్టంగా కావాలంటే రెండు ఖాళీ సీసాలు తీసుకోవాలి. ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో తాగే క్యాను నీళ్ళు సగం దాకా పోసి, రెండింటిలోనూ ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి బాగా ఊపాలి. క్యాను నీళ్ళ సీసాలో నురుగు మూత దాకా లేస్తుంది. బోరు నీళ్ళు గట్టివైతే ఆ సీసాలో నురుగు రాదు. నీళ్ళు పాలలా తెల్లబడి, పైన విరిగిన పాల తరకల్లాంటివి తేలతాయి.

ఆ తరకలే అసలు సమస్య. సబ్బు కాల్షియంతో కలిస్తే నీళ్ళలో కరగని జిడ్డుగా మారుతుంది. చీరకో చొక్కాకో ఇది అంటితే నాలుగు బకెట్లలో జాడించేస్తాం. కార్పెట్‌ను అలా జాడించలేం. పోగుల మొదట్లో ఆ జిడ్డు ఉండిపోతుంది. మన అడుగుల కింద నలిగే ఎర్రమట్టి దుమ్ము దానికి అంటుకుంటుంది. మరక మళ్ళీ పైకి వచ్చిందని అనుకుంటాం గానీ, చాలాసార్లు అది కొత్తగా పేరుకున్న దుమ్మే. అంట్లు తోమే లిక్విడ్, డిటర్జెంట్ పొడి ఒంటి సబ్బంత సులువుగా విరిగిపోవు. కానీ ఎక్కువ వేస్తే అవీ మిగిలిపోతాయి. అర లీటరు నీళ్ళకు అర చెంచా లిక్విడ్ సరిపోతుంది. నురుగు బాగా వస్తే మరక బాగా పోతుందని అనుకోవడం పొరపాటు. ఆ నురుగు తీయడానికి మళ్ళీ ఎన్ని నీళ్ళు పోయాలో, అన్నీ కార్పెట్ అడుగుకే చేరతాయి.

దీనికి విరుగుడు ఖర్చు లేనిదే. ఒక మరక తీయడానికి లీటరు, రెండు లీటర్ల కంటే ఎక్కువ నీళ్ళు పట్టవు. ఆ కాస్తా ఇంట్లో ఉన్న 20 లీటర్ల క్యానులో నుంచి తీసుకోవచ్చు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథతో చాలా ఊళ్ళకు కృష్ణా నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి. నదీ జలాలు మామూలుగా బోరు నీళ్ళంత గట్టిగా ఉండవు కాబట్టి అవీ పనికొస్తాయి. పట్టి ఉంచిన వాన నీళ్ళైతే మరీ మంచిది. మొదటి తడుపు ఏ నీళ్ళతో చేసినా, చివరి తుడుపు మాత్రం ఈ మెత్తటి నీళ్ళతోనే చేయాలి. ఇప్పటికే తెల్ల చార కట్టిన చోట ఒక వంతు వెనిగర్, మూడు వంతుల క్యాను నీళ్ళు కలిపి గుడ్డతో అద్ది, పది నిమిషాలాగి, మళ్ళీ వట్టి క్యాను నీళ్ళతో అద్ది తీస్తే సున్నపు పొర కరిగిపోతుంది. చాలామంది పాత మరక అనుకుని వదిలేసినవి ఈ ఒక్క పనికే సగానికి పైగా తేలిపోతాయి.

సబ్బు బదులు ఏం వాడాలన్న ప్రశ్నకు ఇక్కడి ఇళ్ళలో ఎప్పటి నుంచో జవాబు ఉంది. కుంకుడుకాయ. గద్వాల, నారాయణపేట చీరలున్న ఇళ్ళలో పట్టును కుంకుడు రసంతో ఉతకడం అమ్మమ్మల కాలం నుంచి ఉన్న అలవాటు. దానికి కారణం ఉంది. కుంకుడులో నురుగు తెచ్చే సపోనిన్ ఉంటుంది. అది గట్టి నీళ్ళలోనూ సబ్బులా విరగదు. పైగా దాని స్వభావం కాస్త పులుపు వైపు ఉంటుంది కాబట్టి ఉన్నికి, పట్టుకు హాని చేయదు. ఐదారు కాయలు గింజ తీసి గోరువెచ్చటి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పిసికి, పలుచటి గుడ్డలో వడకట్టుకుంటే చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉండాలి. ఆ రసానికి గోధుమ రంగు ఉంటుంది. తెల్ల కార్పెట్‌కు, లేత రంగు ఊలుకు వాడొద్దు. ముదురు రంగు జంఖానాకు, గొంగడికి దీన్ని మించింది లేదు.

కింద పరిచింది దేనితో చేశారో తెలియాలి

మన ఇళ్ళలో తివాచీ పేరుతో నేల మీద ఉండేవన్నీ ఒక జాతివి కావు. బజారులో తక్కువ ధరకు దొరికే మెషిన్ కార్పెట్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్, పాలిస్టర్ లాంటి ప్లాస్టిక్ పోగులవి. జంఖానాలు నూలువి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ డర్రీలు ఇక్కడి పెళ్ళిళ్ళలోనూ కనిపిస్తాయి. ఇంకా కొన్ని ఇళ్ళలో తాతల నాటి గొంగడి ఉంటుంది. ఏది ఏదో తేలకపోతే వెనక అంచు నుంచి ఒక్క పోగు లాగి, పట్టుకారుతో పట్టుకుని, స్టీలు పళ్ళెం మీద అగ్గిపుల్లతో వెలిగించి చూడాలి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద పొడిగా రాలితే ఉన్ని. కాగితంలా మండితే నూలు లేదా జనపనార. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే ప్లాస్టిక్.

ఈ తేడా మరకను బట్టి పనికొస్తుంది. పాలీప్రొపిలీన్ నీళ్ళను పీల్చదు. చాయ్, జ్యూస్ లాంటివి దాని పోగుల్లోకి దిగవు, పైపైనే ఉండి సులువుగా పోతాయి. కానీ నూనెను అది గట్టిగా పట్టుకుంటుంది. నూలు దీనికి రివర్స్. నీళ్ళతో పాటు నీళ్ళలోని రంగును కూడా లోపలికి తీసుకుంటుంది. ఉన్ని, నైలాన్ రెండూ ఆహారపు రంగులను, షర్బత్ రంగులను తమలో కలిపేసుకుంటాయి. జనపనార చాపల్ని ఎక్కువ తడిపితే వాటిలోని గోధుమ రంగే పైకి తేలి కొత్త మరక పడుతుంది. వాటికి పిండి చల్లి దులపడం, ఒత్తి తీయడం వరకే మంచిది.

గొంగడి గురించి కాస్త విడిగా చెప్పాలి, ఎందుకంటే తెలియక దాన్ని పాడుచేసేవాళ్ళు ఎక్కువ. కురుమలు దక్కనీ గొర్రెల ఉన్ని వడికి నేసే గొంగడికి చింతగింజల గంజి పెడతారు. దాని బిగువు, వాన నీళ్ళను తట్టుకునే గుణం కొంత ఆ గంజి వల్లే. నల్ల గొంగడి నలుపు చాలావరకు ఆ గొర్రె సొంత రంగే. దాన్ని వేడి నీళ్ళలో, చాకలి సోడాలో నానబెడితే గంజి పోతుంది, ఉన్ని ముడుచుకుపోతుంది. ఉన్నికి క్షారం పడదు, వేడితో కలిస్తే అసలే పడదు. గొంగడి మీద ఏదైనా పడితే ఆ చోట మాత్రమే చల్లటి కుంకుడు నీళ్ళతో అద్ది, పొడి గుడ్డతో ఒత్తి, నీడ పట్టున గాలికి ఆరేయాలి. మిగతా మురికికి కర్రతో దులిపి ఎండ చూపిస్తే చాలు. ఒక మనిషి చేతుల మీద వారాల పాటు తయారైన వస్తువును అరగంటలో సర్ఫ్ బకెట్‌లో ముంచి చంపేయడం చూస్తే బాధ కలుగుతుంది.

రుద్దొద్దు, ఒత్తాలి

మరక పడగానే చేయాల్సిన పని ఒకటే. పాత తెల్ల పంచె ముక్కో, లుంగీ అయితే రంగు దిగనిదో మడిచి మరక మీద పెట్టి అరచేత్తో బరువుగా ఒత్తాలి. గుడ్డ పీల్చుకున్నంతా పీల్చుకున్నాక పొడి వైపు తిప్పి మళ్ళీ ఒత్తాలి. అంచు నుంచి మధ్యకు రావాలి, మధ్య నుంచి అంచుకు పోతే మరకను మనమే పెద్దది చేసినట్టు. పప్పు, పెరుగు, కూర లాంటి ముద్ద పడితే ముందు చెంచాతో పైకి ఎత్తేయాలి. బ్రష్‌తో రుద్దితే పురి విప్పుకున్న పోగు మళ్ళీ బిగుసుకోదు. మరక పోయినా ఆ చోటు మీద వెలుతురు వేరేగా పడి, ఏదో మచ్చ ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఏ మందైనా ముందు సోఫా కిందకు పోయే మూలన రెండు చుక్కలు వేసి, తెల్ల గుడ్డతో పది నిమిషాలు ఒత్తి పట్టుకుని చూడాలి. గుడ్డకు కార్పెట్ రంగు అంటితే ఆ మందు వద్దు. ముదురు ఎరుపు జంఖానాల విషయంలో ఈ పరీక్ష తప్పదు.

పొడిగా పడ్డది పొడిగానే పోవాలి. కుంకుమ, హోలీ రంగు, బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు పూల నుంచి రాలే రంగు, చెప్పులతో వచ్చిన చల్క మట్టి, వీటి మీద నీళ్ళు పోయడమంటే మరకను మన చేతులతో తయారు చేయడమే. బురదైనా సరే, పూర్తిగా ఎండనిచ్చి, చీపురుతో దులిపి, వ్యాక్యూమ్ ఉంటే లాగి, మిగిలిన ఛాయకే తడి గుడ్డ పెట్టాలి. మన ఎర్రమట్టి ఎరుపు ఇనుపది. తడిగా ఉన్నప్పుడు రుద్దితే ఆ సన్నటి పొడి పోగుల మధ్యకు దిగిపోతుంది.

పసుపు

ఇక్కడి ఇళ్ళలో అన్నింటికంటే మొండి మరక పసుపుదే. కూర పసుపు, నలుగు పసుపు, బోనాల పసుపు. దీని గుణం తెలిస్తే భయం సగం పోతుంది, ఆ గుణం మన ఆడవాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు. పెళ్ళిలో కాళ్ళకు పెట్టే పారాణి పసుపులో సున్నం కలిపి చేసిందే. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్‌కు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పులుపు తగిలితే మళ్ళీ పసుపు పచ్చగా మారుతుంది. అందుకే కూర పడ్డ చోట సబ్బు పెట్టగానే మరక రక్తంలా ఎర్రబడితే టెన్షన్ పడి ఇంకా సోడా పోయకూడదు. కాస్త వెనిగర్ నీళ్ళు అద్దితే ఎరుపు దిగిపోతుంది. మరక పోలేదు గానీ, అది పాడైపోనూ లేదు.

కర్కుమిన్‌కు ఇంకో మూడు లక్షణాలున్నాయి. నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలోనూ ఆల్కహాల్‌లోనూ కరుగుతుంది, ఎండకు విరిగిపోతుంది. మొత్తం వైద్యం ఈ మూడింటిలోనే ఉంది. కోడి కూర పులుసు పడ్డదనుకుందాం. ముద్ద ఎత్తేశాక మిగిలింది నూనె, ఆ నూనెలో కరిగిన పసుపు. దాని మీద తెల్లటి కార్న్‌ఫ్లోర్ గానీ టాల్కం పౌడర్ గానీ మందంగా చల్లి అరగంట వదిలేస్తే పిండి పచ్చగా మారుతుంది. అంటే నూనెతో పాటు రంగు కూడా పైకి వస్తోందన్నమాట. శనగపిండి తనే పసుపు రంగులో ఉంటుంది కాబట్టి ఇక్కడ వద్దు. పిండి దులిపి, క్యాను నీళ్ళలో కలిపిన అంట్ల లిక్విడ్ గుడ్డతో అద్దాలి. ఎర్రబడితే వెనిగర్ నీళ్ళు. ఆ తర్వాత తెల్ల గుడ్డకు శానిటైజర్ పోసి మరక మీద ఒత్తాలి. జెల్ రకం జిగురు వదులుతుంది, నీళ్ళలా ఉండే రకమే తీసుకోవాలి. గుడ్డ ఎత్తి చూస్తే పచ్చటి ముద్ర కనిపిస్తుంది. చోటు మార్చి మళ్ళీ ఒత్తాలి. గుడ్డకు ముద్ర పడుతున్నంత సేపూ మరక తగ్గుతున్నట్టే. ముద్ర పడటం ఆగిపోయిన చోట ఈ పని ఆపి, క్యాను నీళ్ళతో అద్ది, మిగిలిన లేత పసుపును ఎండకు వదిలేయాలి. పాలమూరు మార్చి ఎండలో మిగిలిన ఛాయ రోజుల్లోనే తేలిపోతుంది. ఇంత మంచి మందు మన దాబా మీద ఊరికే ఉన్నా, మరక పోలేదని మళ్ళీ మళ్ళీ రుద్ది పోగు అరగదీస్తాం. కార్పెట్ రంగు కూడా ఎండకు వెలుస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి. మరక ఉన్నంత మేర వదిలి మిగతాదంతా పాత దుప్పటితో కప్పాలి.

నూనె మరకల్లో ఆముదం తీరు వేరు. నల్గొండ, మహబూబ్‌నగర్ చల్క నేలల్లో ఆముదం పంట పాతకాపు, ఇళ్ళలో తలకు, దీపానికి ఆముదం వాడకం ఇంకా ఉంది. వేరుశనగ నూనె ఆల్కహాల్‌లో అంతగా కరగదు. ఆముదం మాత్రం బాగా కరుగుతుంది. కాబట్టి దీపం కుంది ఒలికిందంటే అది ఏ నూనో ముందు అడగాలి. ఆముదమైతే పిండి చల్లాక శానిటైజర్ గుడ్డ కూడా కొంత సాయం చేస్తుంది. వేరే నూనె అయితే లిక్విడ్‌తోనే పని. దీపం ఆర్పిన తర్వాతే, కిటికీలు తెరిచే శానిటైజర్ సీసా మూత తీయాలి. అది క్షణంలో అంటుకునే వస్తువు.

సోడా, వెనిగర్ కలిపితే ఏమవుతుంది

ఫోన్‌లో వచ్చే చిట్కా వీడియోల్లో సగం వంట సోడా మీద వెనిగర్ పోసి, బుసబుస పొంగుతుంటే మరక పోతోందని చూపిస్తాయి. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. కలిస్తే ఒకదాన్ని ఇంకోటి చంపుకుని, బొగ్గుపులుసు వాయువు పొంగి పోయి, సోడియం అసిటేట్ అనే ఉప్పు, నీళ్ళు మిగులుతాయి. ఆ ఉప్పుకు మరక తీసే శక్తి ఏమంత లేదు. పొంగు వల్ల కాస్త మట్టి కదలొచ్చు, అంతే. విడివిడిగా వాడితే రెండూ మంచివే. వంట సోడా పొడిగా చల్లి రాత్రంతా ఉంచితే వాసన, జిడ్డు పీలుస్తుంది. వెనిగర్ నీళ్ళు సున్నాన్ని, చాయ్ మరకను తీస్తాయి. చాకలి సోడా ఈ రెండింటి జాతి కాదు. వంట సోడా కంటే ఎన్నో రెట్లు ఘాటైన క్షారం. అది నూలు జంఖానాకు తప్ప దేనికీ వద్దు. చింతపండు ఇత్తడి బిందెకు మహా మంచిది గానీ, దాని గోధుమ రంగు కార్పెట్‌కు అంటుకుంటుంది. పులుపు కావాలంటే వెనిగర్ లేదా కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్ళలో కలిపినది వాడాలి. నకిరేకల్ చుట్టుపక్కల నిమ్మతోటలున్న ఇళ్ళలో నిమ్మకాయలకు కరువుండదు కాబట్టి వడకట్టిన నిమ్మరసమైనా సరే, తర్వాత నీళ్ళతో బాగా అద్ది తీసేస్తే.

ఇప్పుడు మొదట చెప్పిన చాయ్‌కు వద్దాం. దాంట్లో రంగు టానిన్ అనే వగరు పదార్థానిది, జిడ్డు పాలది. క్షారం తగిలితే టానిన్ ఇంకా ముదురుతుంది. నీళ్ళలో ఇనుము ఉంటే నల్లబడుతుంది. ఈ రెండూ బోరు నీళ్ళ సర్ఫ్ బకెట్‌లో ఉండొచ్చు. ఒత్తి పీల్చాక చల్లటి క్యాను నీళ్ళు, ఆ తర్వాత కొద్దిగా లిక్విడ్, ఆ తర్వాత వెనిగర్ నీళ్ళు, చివర్న మళ్ళీ వట్టి నీళ్ళు. ఇదే వరస. తాటికల్లు, బత్తాయి రసం ఒలికినా ఇంతే. వాటిలో చక్కెర ఉంటుంది కాబట్టి రంగు కనిపించలేదని వదిలేయకూడదు. కనిపించని చక్కెర నెలలో గోధుమ రంగు మచ్చ అవుతుంది, ఈలోగా చీమలు వస్తాయి.

రక్తం, పాలు, గుడ్డు, వీటికి వేడి నీళ్ళు తగలకూడదు. ప్రొటీన్ వేడికి ఉడికి పోగుకు అతుక్కుపోతుంది. చల్లటి ఉప్పు నీళ్ళతో ఒత్తుతూ పోవాలి. లేత రంగు సింథటిక్ కార్పెట్ మీద రక్తపు ఛాయ మిగిలితే మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ పనికొస్తుంది. 20 వాల్యూమ్ అని రాసి ఉండేది సుమారు 6 శాతం. దానికి సమానంగా నీళ్ళు కలిపి వాడాలి. ముదురు రంగులకు, ఉన్నికి వద్దు.

చంటిపిల్లల మూత్రం వెంటనే అయితే ఒత్తి, నీళ్ళు అద్ది, వెనిగర్ నీళ్ళు అద్ది, ఆరాక వంట సోడా చల్లితే వాసన పోతుంది. వెనక్కి తిప్పి అడుగు కూడా చూడాలి, తడి అంతా అక్కడే ఉంటుంది. బాల్‌పెన్ సిరాకు శానిటైజర్ గుడ్డ చాలు. మైనం గట్టిపడేదాకా ఐస్ పెట్టి గీకి, మిగిలినది పాత కాగితం పరిచి తక్కువ వేడి ఇస్త్రీతో లాగాలి. ప్లాస్టిక్ కార్పెట్ మీద ఇస్త్రీ పెట్టె వద్దే వద్దు, కరుగుతుంది. మంచం కోళ్ళ తుప్పుకు నిమ్మ ఉప్పు నీళ్ళు రెండు మూడుసార్లు అద్దాలి. బ్లీచింగ్ తగిలితే తుప్పు ఇంకా గట్టిపడుతుంది.

పాన్ మరక సున్నం, కాచు కలిసిన ఎరుపు. వెనిగర్, తర్వాత పెరాక్సైడ్‌తో తగ్గుతుందే గానీ పూర్తిగా పోవడం అరుదు. గోరింటాకు ఉన్ని, నైలాన్ పోగులకు పట్టిందంటే పోదు. చర్మానికి పట్టినట్టే పోగుకూ పడుతుంది. జుట్టు రంగూ అంతే. వీటి మీద రోజుల తరబడి మందులు మార్చి మార్చి పోసి కార్పెట్‌ను చిల్లు చేసుకోవడం కంటే దాని మీదకు టీపాయి జరపడం నయం.

ఇక ఒక్క విషయంలో మాత్రం ఎవరూ ప్రయోగాలు చేయొద్దు. బ్లీచింగ్ ద్రావణాన్ని బాత్‌రూమ్ యాసిడ్‌తో గానీ, వెనిగర్, నిమ్మ ఉప్పుతో గానీ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌తో కలిపితే మరో విషవాయువు వస్తుంది. మూసి ఉన్న గదిలో ఊపిరితిత్తులు దెబ్బతినడానికి అది చాలు. ఒక మందు పోసి పని కాలేదని దాని మీదే ఇంకోటి పోసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. అది చూస్తే నిజంగా భయమేస్తుంది. మూత్రం పడ్డ చోట కూడా అమ్మోనియా ఉంటుంది కాబట్టి అక్కడ బ్లీచ్ అసలే వద్దు. ఉన్ని, పట్టు అయితే బ్లీచ్‌లో ఏకంగా కరిగిపోతాయి. కార్పెట్ పనికి బ్లీచింగ్ అవసరమే లేదు, ఆ సీసాను బాత్‌రూమ్ దాటనివ్వకుండా ఉంటే మేలు.

ఆరబెట్టడం దగ్గర చాలామంది పని సగంలో వదిలేస్తారు. పైన శుభ్రంగా కనిపించినా అడుగున రంగు నీళ్ళు ఉంటాయి. పైభాగం ఆరుతున్న కొద్దీ అవి పోగు వెంబడి పైకి పాకి, తెల్లారేసరికి కొన మీద మళ్ళీ మరకై కూర్చుంటాయి. దీన్ని ఆపాలంటే చివరి తుడుపు అయ్యాక మడిచిన తెల్ల గుడ్డ ఒకటి మరక మీద పరిచి, దాని మీద ప్లాస్టిక్ కవర్, దాని మీద రుబ్బుడు పొత్రమో నీళ్ళు నింపిన బిందెనో పెట్టి రాత్రంతా వదిలేయాలి. పైకి పాకిన రంగు గుడ్డకు పడుతుంది, కార్పెట్‌కు కాదు. పొద్దున గుడ్డ తీశాక కార్పెట్‌ను తిరగేసి దాబా మీదో, పిట్టగోడ మీదో గాలి ఆడేలా వేయాలి. ఎండాకాలం రెండు మూడు గంటల్లో ఆరిపోతుంది. వానాకాలం అయితే తడుపు పని వీలైనంత తక్కువ పెట్టుకుని, రెండు కుర్చీల మీద పరిచి ఫ్యాన్ కింద రాత్రి, పగలు ఆరనివ్వాలి. షాబాద్ బండల నేల ముసురు రోజుల్లో చెమ్మగా ఉంటుంది. కార్పెట్ ఆరిందో లేదో చూసినట్టే బండను కూడా చేత్తో తాకి చూసి, పూర్తిగా పొడిగా ఉంటేనే మళ్ళీ పరవాలి. లేకపోతే బూజు కింద నుంచి మొదలై, వాసన వచ్చేదాకా కంటికి కనిపించదు.